కవర్‌కి "పాత లితో లుక్" అడిగితే టెక్స్చర్ రుద్ది ఇస్తున్నారు, అసలు ఆ రంగులు ఎలా వచ్చేవి?

అట్టబొమ్మ
మాది చిన్న ప్రచురణ సంస్థ. 1950ల నాటి ఒక కథల సంపుటిని మళ్ళీ వేస్తున్నాం. పాత ఎడిషన్ కవర్ నా దగ్గర ఉంది, మొత్తం మూడే రంగులు, ముదురు పసుపు, ఇటుక రంగు, నీలం. నీలం వెళ్ళి పసుపు మీద పడ్డచోట ఒక ఆకుపచ్చ వచ్చింది, ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. డిజైనర్ గారికి అది చూపించి ఇలాంటి లితోగ్రాఫ్ లుక్ కావాలన్నాను. ఆయన కంప్యూటర్లో మామూలుగా బొమ్మ వేసి, దాని మీద గరుకు టెక్స్చర్ ఒకటి, పాత కాగితం మరకలు, రంగులు కాస్త పక్కకి జరిగినట్టు ఒక ఎఫెక్టు వేసి పంపారు. మొదటి చూపుకి బానే ఉంది, రెండోసారి చూస్తే జీవం లేదు. తేడా ఎక్కడుందో నాకు చెప్పడం రావట్లేదు, నేను చెప్పకపోతే ఆయన ఏం మారుస్తారు పాపం. అచ్చు పని తెలిసినవాళ్ళు ఆ పాత కవర్ల మీద రంగు ఎలా పడేదో వివరంగా రాయండి. ఇప్పుడు విజయవాడలో మామూలు ఆఫ్‌సెట్ మీద అలాంటిది తేవడం కుదురుతుందా?

గీతలబాబు
డిజైనర్ తరఫున ఒక మాట. క్లయింట్ పాత లుక్ అంటే మేం ఇచ్చేది అదే మేడం, మాకు ఇచ్చే టైమూ అంతే, డబ్బులూ అంతే. కంప్యూటర్లో వాడే మంచి బ్రష్ సెట్లు ఉన్నాయిప్పుడు, లితో క్రేయాన్ గ్రెయిన్‌ని రాయి మీదనుంచి స్కాన్ చేసి చేసినవి. సరిగ్గా వాడితే పాఠకుడికి తేడా తెలీదు.

రాతిఅచ్చు
@గీతలబాబు బ్రష్ సెట్ల తప్పేం లేదు, నేనూ వాడతాను. తేడా గ్రెయిన్‌లో లేదు, అది ఎవరూ గమనించట్లేదు.

లితోగ్రఫీ అంటే రాతి మీద నుంచి తీసే అచ్చు. ఫైన్ ఆర్ట్స్‌లో ప్రింట్‌మేకింగ్ చదివాను కాబట్టి రాయి మీద పని ఎలా జరుగుతుందో చెప్తాను. బవేరియాలోని జోల్న్‌హోఫెన్ అనే ఊళ్ళో దొరికే సున్నపురాయి, నున్నగా, సన్నటి రేణువులతో ఉంటుంది. దాన్ని ఇసుకతోనో కార్బొరండం పొడితోనో నూరి కావలసినంత గరుకు తెస్తారు. దాని మీద మైనం, సబ్బు, దీపం మసి కలిపిన జిడ్డు క్రేయాన్‌తో బొమ్మ గీస్తారు. గమ్ అరబిక్ అనే చెట్టు జిగురులో కొంచెం నైట్రిక్ ఆసిడ్ కలిపి పూస్తే, గీసినచోట జిడ్డు పట్టుకుని ఉంటుంది, గీయనిచోట రాయి నీళ్ళు పీల్చుకుంటుంది. తడి చేసి రోలర్‌తో ఇంకు వేస్తే జిడ్డున్నచోటే అంటుతుంది. చెక్కడం లేదు, ఎత్తూపల్లం లేదు. 1796 ప్రాంతంలో సెనెఫెల్డర్ కనిపెట్టింది ఇదే, తను రాసిన నాటకాలు చవకగా అచ్చేసుకోడానికి దారి వెతుకుతూ కనిపెట్టాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక రాయి ఒక్క రంగే అచ్చేస్తుంది. మూడు రంగుల కవర్ అంటే మూడు రాళ్ళు. గీసేటప్పుడు మూడింటి మీదా నలుపే! పసుపు రాయి మీద గీసినా చేతిలో ఉండేది నల్ల క్రేయాన్, ఎదురుగా కనపడేది నల్ల బొమ్మ. రంగంతా ఆర్టిస్టు బుర్రలో ఉంటుంది. ఈ చెంప దగ్గర పసుపు మీద ఎరుపు తేలిగ్గా రుద్దితే నారింజ వస్తుంది, ఈ చెట్టు దగ్గర నీలం వదిలేస్తే ఎండ పడినట్టుంటుంది అని ముందే లెక్క వేసుకోవాలి. మీ కవర్ మీద ఆకుపచ్చ ఉంది చూశారా, దాన్ని ఎవరూ పూయలేదు, రెండు ఇంకులు ఒకదాని మీద ఒకటి పడి వచ్చింది.

మీ డిజైనర్ గారు అన్ని రంగులతో బొమ్మ పూర్తి చేసి, తర్వాత దాన్ని పాతబరిచారు. పాతవాళ్ళు మూడు రంగుల్లోనే ఆలోచించి మొదలుపెట్టారు. మీకు జీవం లేదనిపించేది అందుకే.

వరిచేను
నలుపులో గీస్తూ రంగు ఊహించుకోవడం అంటే వింటుంటేనే కళ్ళు తిరుగుతున్నాయి.

ఆబిడ్స్_ఆదివారం
అంత బాగ చెప్పినవ్ రాతిఅచ్చు అన్నా, కానీ నా అనుమానం ఇంకోటుంది. ఆమె చెప్తున్న కవర్ అసలు లితోనేనా? 50లల్ల తెలుగు పుస్తకాలు, మద్రాసుల అచ్చయినా బెజవాడల అచ్చయినా, కవర్లు చాలావరకు బ్లాకుల మీదనే వేసెటోళ్ళు. ఆర్టిస్టు గీసిన బొమ్మని ఫోటో తీసి, జింకు పలక మీదికి ఎక్కించి, ఆసిడ్‌ల కొరికిస్తే లైన్ బ్లాకు. రంగుకో బ్లాకు. దాన్ని ట్రెడిల్ (కాలితో తొక్కే అచ్చు యంత్రం) మీదనో సిలిండర్ మెషీన్ మీదనో ఎక్కించెటోళ్ళు. అది లెటర్‌ప్రెస్, లితో కాదు.

@అట్టబొమ్మ మేడం, ఇట్ల చూడుండ్రి. అట్టని వెలుతురుకి ఏటవాలుగ పట్టి వెనకవైపు వేలితో తడమండ్రి, గీతలు పొడుచుకొచ్చినట్టు తగిలితే బ్లాకు. తర్వాత పది రెట్లు చూపించే భూతద్దంతోటి గట్టి రంగు అంచు చూడుండ్రి. బ్లాకు అయితే నొక్కుడికి ఇంకు పక్కలకు జరిగి అంచుల వెంబడి ముదురు గీత ఒకటి ఏర్పడ్తది. లితో అయితే అంచు దాక ఒకటే తీరు పరుచుకొని ఉంటది, గీత ఉండదు.

బెజవాడ_ఆఫ్‌సెట్
ఆబిడ్స్ గారు చెప్పిన పరీక్ష కరెక్టే. ఇంకోటి కలుపుకోండి, చుక్కలు వరసగా గళ్ళల్లో పెట్టినట్టు ఉంటే కెమెరా పెట్టి స్క్రీన్ వేసినట్టు, అది హాఫ్‌టోన్. నాలుగు రంగుల హాఫ్‌టోన్ అయితే చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా గుంపులు కడతాయి, ఎందుకంటే ఒక్కో రంగు స్క్రీన్‌ని ఒక్కో కోణంలో తిప్పుతారు.

రాతిఅచ్చు
@బెజవాడ_ఆఫ్‌సెట్ చుక్కలు ఉన్నంత మాత్రాన కెమెరా అనుకోకూడదు. పాత క్రోమోలితోల్లో, అంటే చాలా రంగుల లితోల్లో, చుక్కలు చేత్తోనే పెట్టేవాళ్ళు, పెన్నుతో ఒక్కోటీ. అవి చిన్నా పెద్దా, వంకరటింకర, గళ్ళల్లో ఉండవు. రవివర్మ ప్రెస్ బొమ్మ ఏదైనా దొరికితే భూతద్దం పెట్టి మొహం చూడండి, చర్మమంతా ఈ చేతి చుక్కలే.

కృష్ణాతీరం
రవివర్మ బొమ్మలు లితోలా? మా ఇంట్లో ఉన్నవి ఆయిల్ పెయింటింగ్ ప్రింట్లు అనుకున్నాం ఇన్నాళ్ళూ

రాతిఅచ్చు
@కృష్ణాతీరం లితోలే. 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టారు, యంత్రాలూ పనివాళ్ళూ జర్మనీ నుంచి. తర్వాత ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ టెక్నీషియన్ దాన్ని కొనుక్కున్నాడు, లోనావాలా దగ్గర మాళవలిలో చాలాకాలం నడిచింది. ఆయిల్ పెయింటింగ్‌లా కనపడాలని ఒక్కో బొమ్మకి బోలెడు రాళ్ళు వాడేవాళ్ళు. గమనించాల్సిందేంటంటే రాళ్ళ మీద గీసింది రవివర్మ కాదు. ఆయన పెయింటింగ్ చూసి ఏ రాయి మీద ఎంత రంగు పడాలో విడగొట్టి గీసే పనివాళ్ళు వేరే. వాళ్ళ పేర్లు మనకి పెద్దగా తెలీవు.

మంగళగిరి_రవి
ఆ పేర్లు లేని పనివాళ్ళ గురించి ఎవరైనా పుస్తకం రాయాలండీ. మన ఇళ్ళల్లో పూజగది గోడల మీద ఉన్నవన్నీ వాళ్ళ చేతిపనేగా.

అట్టబొమ్మ
@ఆబిడ్స్_ఆదివారం గారూ, మా అబ్బాయి స్టాంపులు చూసుకునే భూతద్దం తెచ్చి చూశాను. ఇటుక రంగు అంచు వెంట ముదురు గీత స్పష్టంగా ఉంది, వెనక తడిమితే టైటిల్ అక్షరాలు వేలికి తగులుతున్నాయి. అంటే బ్లాకులే. మరి రాతిఅచ్చు గారు చెప్పినదంతా దీనికి వర్తించదా?

రాతిఅచ్చు
వర్తిస్తుందండీ, ముఖ్యమైన భాగం పూర్తిగా వర్తిస్తుంది. లైన్ బ్లాకు కోసం కూడా ఆర్టిస్టు రంగుకి ఒక బొమ్మ చొప్పున నల్ల ఇంకుతో విడివిడిగా గీసి ఇచ్చేవాడు, లేదా ముఖ్యమైన గీతల బొమ్మ మీద ట్రేసింగ్ పేపరు వేసి ఏ రంగు ఎక్కడో గుర్తుపెట్టేవాడు. బాపు గీసిన కవర్లు చూడండి, గట్టి నల్ల గీత, లోపల ఒకటో రెండో చదును రంగులు, కొన్నిచోట్ల గీతే లేకుండా రంగే ఆకారం అయిపోతుంది. రంగు విడగొట్టడం బొమ్మ వేసేవాడి చేతిలో ఉండటం, రెండు పద్ధతులకీ ఉమ్మడి. రాయి అయితే అదనంగా వచ్చేది మెత్తటి క్రేయాన్ నీడ. బ్లాకుకి గీత ఉండాలి, లేదంటే గట్టి రంగు ఉండాలి. మధ్యలో మసక నీడ కావాలంటే చుక్కలో అడ్డగీతలో పెట్టుకోవాలి.

గీతలబాబు
అయితే మీరంతా కలిసి చెప్పేది ఏంటంటే, మేడం అడిగిన లితో లుక్ అసలు లితో కాదు, కాబట్టి డిజైనర్ బ్రష్ తప్పు, అంతేనా 😄

ఆబిడ్స్_ఆదివారం
నవ్వులాటకు అన్నా గానీ గీతలబాబు, బ్లాకుతోటి అచ్చయిన కవర్ మీద క్రేయాన్ గ్రెయిన్ ఏస్తే తప్పేగదా. ఆ కవర్ల మీద గ్రెయిన్ లేనే లేదు. నీళ్ళ మరకలు కూడ అచ్చయిన రోజు లేవు, 70 ఏండ్లు అటకమీద ఉంటె వచ్చినయ్. ఆర్టిస్టు తెల్లటి కాగితం మీద తళతళలాడే రంగులే చూసిండు. ఆయన ఏసింది మనం మళ్ళ ఏయాలె గానీ అటకని ఏయొద్దు.

వరిచేను
"అటకని ఏయొద్దు" 👏👏 ఇది ఫ్రేమ్ కట్టించుకోవాలి

తేమ్స్‌గట్టు
నేను లండన్‌లో ఉంటాను, పాత బొమ్మల పుస్తకాలు ఏరుకోవడం పిచ్చి. రాతిఅచ్చు గారు పైన రెండు రకాలు చెప్పారు, ఎవరో గీసిందాన్ని పనివాళ్ళు విడగొట్టడం ఒకటి, గీసినవాళ్ళే విడగొట్టుకోవడం ఒకటి. ఈ రెండో దాన్ని ఇక్కడ ఆటోలితోగ్రఫీ అంటారు. 1930ల్లో ఇక్కడ పుస్తకాల అట్టలకి అదొక స్వర్ణయుగం. బార్నెట్ ఫ్రీడ్‌మన్ అనే ఆయన ఫేబర్ అనే ప్రచురణ సంస్థకి చేసిన జాకెట్లు (పుస్తకం అట్ట మీద చుట్టే కాగితపు కవర్లు) వీలైతే వెతికి చూడండి. సాసూన్ అనే ఇంగ్లీషు కవి యుద్ధ జ్ఞాపకాల పుస్తకానికి 1931లో బొమ్మలేశాడు, తర్వాత అమెరికా వాళ్ళకోసం టాల్‌స్టాయ్ "యుద్ధము శాంతి"కి కూడా. ప్రింటర్ దగ్గరికి తనే వెళ్ళి రాళ్ళ మీదా లోహపు పలకల మీదా తనే గీసేవాడు, వెలుగు కావలసినచోట కత్తితో గీకి తెలుపు తీసేవాడు. అక్షరాలు కూడా చేత్తోనే. టైపు పెట్టి అతికించినట్టు ఉండదు, బొమ్మా టైటిలూ ఒకే చేతివి.

పిల్లల పుస్తకాల సంగతి ఇంకా బాగుంటుంది. నోయెల్ కారింగ్టన్ అని ఒక ఎడిటర్, కుర్రాడిగా ఉన్నప్పుడు ఇండియాలో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌లో పనిచేసి వచ్చినవాడు. రష్యా నుంచి వచ్చిన చవక బొమ్మల పుస్తకాలు చూసి ఇక్కడా అలా చేయొచ్చని పెంగ్విన్ అధిపతి ఆలెన్ లేన్‌ని ఒప్పించాడు. 1940లో, యుద్ధం మధ్యలో, పఫిన్ పిక్చర్ బుక్స్ మొదలయ్యాయి, ఖరీదు ఆరు పెన్నీలు. అంత తక్కువకి ఎలా వచ్చిందంటే, పెద్ద షీటు ఒకవైపు మాత్రమే రంగులు, రెండోవైపు నలుపు. మడత పెడితే రంగు పేజీలూ నలుపు పేజీలూ మార్చి మార్చి వస్తాయి. పైగా ఆర్టిస్టులే పలకల మీద గీయడంతో కెమెరా ఖర్చు, బ్లాకుల ఖర్చు లేదు. ఇప్స్‌విచ్‌లో కౌవెల్ అనే ప్రెస్ వాళ్ళు ఇందులో ఆరితేరారు. కాథ్‌లీన్ హేల్ అనే ఆవిడ పిల్లి కథల పుస్తకాలకి ఒక్కో రంగు పలకా తనే గీసుకునేది, పెద్ద సైజు పుస్తకం, పేజీ నిండా బొమ్మ, అంత ఓపిక.

చేతిపని అంటే ఖరీదు అనుకుంటాం. అక్కడ చేతిపని పెట్టింది ఖర్చు తగ్గడానికి.

మిషా_మామ
రష్యా పేరు వినపడగానే పరిగెత్తుకొచ్చా!! ప్రగతి, రాదుగ పుస్తకాలు విశాలాంధ్ర వ్యానులో కొనుక్కుని పెరిగిన బ్యాచ్ మాది. ఆ అట్టలు ఇప్పటికీ దాచుకున్నా. అవన్నీ లితోలేనా?

తేమ్స్‌గట్టు
@మిషా_మామ మనం చదువుకున్న 70ల, 80ల పుస్తకాలు ఆఫ్‌సెట్. కారింగ్టన్ చూసినవి అంతకన్నా చాలా ముందువి, 1920లవి. లెనిన్‌గ్రాడ్‌లో అప్పట్లో రాదుగ పేరుతోనే ఒక ప్రైవేటు ప్రచురణ సంస్థ ఉండేది, మన మాస్కో రాదుగ వేరే, అది 80ల్లో వచ్చింది. ఆ పాత రాదుగలో పిల్లల కవి మార్షాక్ పద్యాలకి వ్లదీమిర్ లెబెదెవ్ బొమ్మలు, 1925లో సర్కస్ మీద ఒకటి, ఐస్‌క్రీమ్ మీద ఒకటి. వెనక నేపథ్యం అనేదే ఉండదు, తెల్ల కాగితం మీద ఎరుపు ముద్ద, నలుపు ముద్ద, పసుపు ముద్ద, అవే మనుషులు. పలచటి పుస్తకం, కాగితం అట్టే, పిన్ను కొట్టి ఉంటుంది. వందేళ్ళ కిందటిదంటే నమ్మరు.

మిషా_మామ
నమ్ముతాను సార్, మా పిల్లలకి చూపిస్తే ఏ యాప్ కోసం చేశారు అని అడిగారు.

నిజాం_కలం
హైదరాబాద్ ముచ్చట ఒకటి చెప్పనీయండి, ఎవరూ ఎత్తట్లేదు. మన ఊళ్ళో లితో బాగా వాడింది ఉర్దూ వాళ్ళు. నస్తాలీఖ్ రాతకి సీసం టైపు కుదరదు, అక్షరాలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అందుకని కాతిబులు, అంటే చేత్తో రాసే లేఖకులు, పూత పూసిన కాగితం మీద జిడ్డు ఇంకుతో పేజీ మొత్తం రాసేవాళ్ళు, దాన్ని రాయి మీద బోర్లించి నొక్కితే రాత రాయికి దిగేది. లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ 1858 నుంచి వేసిన వేల పుస్తకాలు ఈ దారిలోనివే. కాబట్టి అట్ట మీద పేరు, చుట్టూ పూలతీగె, లోపలి పేజీ అన్నీ ఒకే కలం నుంచి వచ్చేవి. పైన ఫ్రీడ్‌మన్ అక్షరాల గురించి చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

వరిచేను
@నిజాం_కలం రాయి మీద నేరుగా రాస్తే అక్షరాలు తిరగేసి రాయాలి కదా? మరి తెలుగు అయితే?

రాతిఅచ్చు
అవును, నేరుగా గీస్తే అద్దంలో చూసినట్టు తిరగేసి గీయాలి. తెలుగులో "క్ష్మ" తిరగేసి రాయడం ప్రాక్టీసు చేశాను కాలేజీలో, చెయ్యి మొరాయిస్తుంది. అందుకే నిజాం_కలం గారు చెప్పిన ఆ పూత కాగితం, దాన్నే ట్రాన్స్‌ఫర్ కాగితం అంటారు. ఆఫ్‌సెట్‌లో ఆ బాధ లేదు, ప్లేటు మీదనుంచి రబ్బరు బ్లాంకెట్‌కి, అక్కణ్ణుంచి కాగితానికి, రెండుసార్లు తిరగబడి మళ్ళీ సరిగ్గా వస్తుంది.

బెజవాడ_ఆఫ్‌సెట్
ఇప్పుడు నా వంతు. ఇందాకటినుంచి రాయి రాయి అని ముద్దు చేస్తున్నారు, మధ్యలో ఒక నిజం మర్చిపోతున్నారు. మా ఆఫ్‌సెట్ కూడా లితోనే! నీళ్ళూ జిడ్డూ పడవు అన్న అదే సూత్రం మీద మా మెషీన్ ఇవాళ పొద్దున కూడా నడిచింది. రాయి బదులు అల్యూమినియం ప్లేటు, మధ్యలో బ్లాంకెట్, అంతే తేడా. అమెరికాలో ఐరా రూబెల్ 1904 ప్రాంతంలో ఒక షీటు తప్పిపోయి అచ్చు రబ్బరు మీద పడితే, ఆ రబ్బరు నుంచి తర్వాతి షీటు వెనక్కి ఇంకా శుభ్రంగా దిగడం చూశాడు, అక్కడ మొదలైంది కథ. శివకాశిలో కూడా అగ్గిపెట్టెల లేబుళ్ళ కోసం లితో మొదలై కేలండర్లకీ నోటుబుక్కులకీ పాకింది. అరవై కిలోల రాయి ఎత్తిపెట్టుకుని నడుములు విరగ్గొట్టుకున్న పనివాణ్ణి అడగండి లితో అందం గురించి.

రాతిఅచ్చు
@బెజవాడ_ఆఫ్‌సెట్ అన్నా, నేను మెషీన్‌ని తప్పు పట్టట్లేదు. మీ మెషీన్ ఏ ప్లేటు ఇస్తే అది వేస్తుంది. ప్లేటు మీదకి ఏం వెళ్తోంది అన్నదే గొడవ. ఇప్పుడు ఫైల్ వెళ్తుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని నాలుగు రంగులుగా చీలుస్తుంది, చుక్కలు చేస్తుంది. మనిషి నిర్ణయం మధ్యలో ఎక్కడా లేదు. ఫ్రెంచ్ చిత్రకారుడు లాట్రెక్ 1893లో ఒక ప్రింట్ల సంచికకి కవర్ గీశాడు, అందులో బొమ్మే లితో ప్రెస్. ముసలి ప్రింటర్ కోతెల్ తాత వెనక మెషీన్ తిప్పుతుంటాడు, ముందు జేన్ అవ్రిల్ అనే డాన్సర్ అచ్చయిన షీటు పట్టుకుని పరీక్షగా చూస్తుంటుంది. ఆర్టిస్టు కవర్ మీద ప్రింటర్‌ని పెట్టాడు! అంత దగ్గర్లో కూర్చుని పనిచేశారు వాళ్ళు. మనకి పోయింది రాయి కాదు, ఆ దగ్గరతనం.

బెజవాడ_ఆఫ్‌సెట్
ఆ మాట ఒప్పుకుంటా తమ్ముడూ. మా ప్రెస్‌కి ఆర్టిస్టు వచ్చి చూసి చాలాకాలమైంది. పీడీఎఫ్ వాట్సాప్‌లో వస్తుంది, అర్జెంట్ అని రాసి ఉంటుంది.

అట్టబొమ్మ
@బెజవాడ_ఆఫ్‌సెట్ గారూ, అయితే మీరే చెప్పండి. నేను ఆర్టిస్టుని మీలాంటి ప్రెస్‌కి తీసుకొస్తే, మూడు రంగులు విడివిడిగా గీయిస్తే, మీరు వేయగలరా? కాపీలు వెయ్యి అనుకుంటున్నాం.

బెజవాడ_ఆఫ్‌సెట్
వేయగలం, కానీ చాలామంది ఇక్కడే చేతులు కాల్చుకుంటారు కాబట్టి ఓపిగ్గా చదవండి.

ముందు గీయడం. కవర్ అసలు సైజులో, బ్లీడ్ (అంచు కోతలో పోయే అదనపు చోటు) 3 మి.మీ. కలుపుకుని, రంగుకో షీటు. గరుకు పారదర్శక ఫిల్ము దొరికితే మంచిది, లేదంటే ట్రేసింగ్ పేపరు. మూడింటి మీదా నలుపే. నాలుగు మూలలా ప్లస్ గుర్తులు ఒకేచోట పడాలి, అవి కలవకపోతే ఆ తర్వాత నేనేం చేయలేను.

స్కానింగ్ దగ్గరే కొంప మునుగుతుంది. గ్రేస్కేల్‌లో స్కాన్ చేసి ఇస్తే మా సీటీపీ (కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేటు చేసే) సాఫ్ట్‌వేర్ ఆ బూడిద రంగుల్ని మళ్ళీ చుక్కలుగా మార్చేస్తుంది, మీ క్రేయాన్ గ్రెయిన్ మీద గళ్ళు పడతాయి, పడ్డ కష్టమంతా వృథా. నలుపూ తెలుపూ తప్ప మధ్యలో ఏమీ లేని బిట్‌మ్యాప్‌గా 1200 డీపీఐలో ఇవ్వండి. అప్పుడు క్రేయాన్ రేణువు ఎలా ఉంటే అలాగే ప్లేటు మీదకి ఎక్కుతుంది, స్క్రీన్ పడదు.

రంగులు. మీరు చెప్పిన ముదురు పసుపు, ఇటుక, నీలం కావాలంటే స్పాట్ ఇంకులు, అంటే ఆ రంగుకే విడిగా తయారుచేసే ఇంకులు, కలపాలి. మా నాలుగు రంగుల మెషీన్‌లో మామూలు ఇంకులు కడిగేసి మీవి పోయాలి, పని అయ్యాక మళ్ళీ కడగాలి, ఆ కడుగుడికి డబ్బులు అడుగుతారు ఎవరైనా, అది న్యాయమే. వెయ్యి కాపీలకి అదే బరువు. రెండు రంగుల మెషీన్ ఉన్న ప్రెస్ పట్టుకుంటే తక్కువలో పోతుంది, మూడో రంగుకి ఇంకోసారి నడిపిస్తారు. ఇంకుల్లో తెల్లది కలపొద్దని చెప్పండి, తెల్లది కలిపితే ఇంకు మందమై కింద రంగు కనపడనివ్వదు, మీకిష్టమైన ఆకుపచ్చ రాదు.

పసుపు ముందు, తర్వాత ఇటుక, చివర నీలం.

గీతలబాబు
సైయాన్, మజెంటా, పసుపు మామూలు ఇంకులతోనే ఇదే బిట్‌మ్యాప్ పద్ధతి చేస్తే? కడుగుడు ఖర్చు ఉండదుగా. నేను ఐప్యాడ్‌లోనే మూడు లేయర్లు నలుపులో గీసి ఇస్తా.

బెజవాడ_ఆఫ్‌సెట్
@గీతలబాబు భేషుగ్గా చేయొచ్చు, ఖర్చు మామూలు మల్టీకలర్ ఖర్చే. కానీ ముడి మజెంటా, ముడి సైయాన్ పక్కపక్కన పడితే సబ్బు పెట్టెలా కొడుతుంది. పసుపూ సైయానూ మామూలువి ఉంచి, ఒక్క మజెంటా గొట్టంలో మాత్రం ఇటుక రంగు పోయించుకుంటే మధ్యేమార్గం.

రాతిఅచ్చు
@గీతలబాబు ఐప్యాడ్‌లో గీసినా అభ్యంతరం లేదు, ఒక్కటే షరతు. గీసేటప్పుడు రంగు ప్రివ్యూ ఆపేసి గీసి చూడండి ఒక్కసారి. ప్రివ్యూ చూస్తూ గీస్తే చెయ్యి మళ్ళీ పాత అలవాటుకి పోతుంది, చిన్న చిన్న దిద్దుబాట్లు పెరుగుతాయి. చూడకుండా గీస్తే పెద్ద పెద్ద ముద్దల్లో ఆలోచిస్తారు. లెబెదెవ్ ముద్దల్లాగా.

గీతలబాబు
@రాతిఅచ్చు సరే చేసి చూస్తా. ఒకటి మాత్రం చెప్పాలి, ఈ పద్ధతి అన్ని పుస్తకాలకీ కుదరదు. ఫోటో కావలసిన జీవితచరిత్రకి మూడు ముద్దలు వేస్తే ఎలా. ప్రతిదానికీ పాత పద్ధతే గొప్ప అనేస్తే మేం బతకలేం.

రాతిఅచ్చు
జీవితచరిత్రకి వేయమని నేనెందుకంటాను. కథలకి, కవిత్వానికి, పిల్లల పుస్తకాలకి అడుగుతున్నా.

ఆబిడ్స్_ఆదివారం
లామినేషన్ ముచ్చట మరిచిండ్రు అందరు. ఇంత కష్టపడి అచ్చేసి మీద మ్యాట్ ప్లాస్టిక్ అంటిస్తే అయిపాయె. ఇప్పుడొస్తున్న పుస్తకాలన్నీ చేతికి ఒకటే తీరు తగుల్తున్నయ్, ఏ పుస్తకం పట్టుకున్నా అదే జారుడు. పాత కవర్లు పూత లేని కాగితం మీద ఉండబట్టే ఇంకు కాగితంలకి ఇంకి అంత మెత్తగ కనపడ్తది.

బెజవాడ_ఆఫ్‌సెట్
పూత లేని కార్డు మీద వేయొచ్చు, కానీ ఇంకు పీల్చుకుని రంగు ఒక మెట్టు తగ్గుతుంది, ఆరడానికి టైము పడుతుంది. తొందరపెట్టి కట్టలు కట్టేస్తే కింద షీటు రంగు పై షీటు వెనక అంటుకుంటుంది. రెండు రోజులు ఆరనివ్వమని ముందే మాట తీసుకోండి. లామినేషన్ లేకపోతే షాపుల్లో అట్టలు మాసిపోయాయని వెనక్కి పంపుతారు, దానికీ సిద్ధపడండి. పల్చటి వార్నిష్ కొట్టిస్తే కొంత కాపాడుతుంది.

మంగళగిరి_రవి
జాకెట్ వేస్తే? లోపల గట్టి అట్ట, పైన ఈ లితో కాగితం చుట్టి

అట్టబొమ్మ
@మంగళగిరి_రవి జాకెట్ మన బైండింగ్ ఖర్చుల్లో మోయలేం అండీ, పేపర్‌బ్యాకే. వార్నిష్ దారే పడతాం.

అందరూ రాసినవి ప్రింటు తీసుకుని డిజైనర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయనకి కోపం వస్తుందేమో అనుకున్నా, చాలా ఇష్టంగా చదివారు. మా ఊళ్ళో సైన్‌బోర్డులు రాసి ఇప్పుడు పిల్లలకి డ్రాయింగ్ చెప్పే ఒక మాస్టారు ఉన్నారు, బొమ్మ ఆయన చేత గీయిద్దామని డిజైనరే అన్నారు. మాస్టారికి మూడు ట్రేసింగ్ షీట్లు ఇచ్చాం.

అట్టబొమ్మ
తర్వాతి సంగతి. మాస్టారు టైటిల్ కూడా చేత్తోనే రాశారు, పసుపు షీటులో అక్షరాల చోటు ఖాళీ వదిలి, నీలంలో చుట్టూ నింపారు, కాబట్టి టైటిల్ తెల్లగా కాగితం రంగులోనే వస్తోంది. స్కాన్ చేసి కంప్యూటర్లో రంగులు వేసి చూశాం. చెరువు, గట్టు బ్రహ్మాండం. కానీ మనిషి మొహం మీద ఇటుకా నీలమూ రెండూ పడి బాగా నల్లబడింది. నీలం ఒక్క షీటు మళ్ళీ గీస్తే చాలా, మూడూ గీయాలా?

రాతిఅచ్చు
నీలం ఒక్కటే చాలు. అసలు మళ్ళీ గీయక్కర్లేదు కూడా, పాత షీటు మీదే మొహం దగ్గర బ్లేడుతో క్రేయాన్ గీకెయ్యమనండి, కంటి కింద, ముక్కు పక్కన మాత్రం ఉంచి. గీకిన గీతలు కనపడనివ్వండి, అవే మొహానికి వెలుగిస్తాయి.

తేమ్స్‌గట్టు
టైటిల్ కాగితం తెలుపులో వదలడం విని ప్రాణం లేచొచ్చింది. మాస్టారి పేరు కవర్ వెనకైనా తప్పకుండా వేయండి.

మంగళగిరి_రవి
ప్రెస్సు వాళ్ళ పేరూ వేయండి. నడిపినవాళ్ళ పేరు కూడా.

బెజవాడ_ఆఫ్‌సెట్
@అట్టబొమ్మ మేడం, ఆ తెల్ల అక్షరాల దగ్గర ఒక జాగ్రత్త. పసుపూ నీలమూ రెండిట్లోనూ ఖాళీ ఒకే సైజులో వదిలితే, మెషీన్ మీద వెంట్రుకవాసి జరిగినా అక్షరం అంచున పసుపు గీత తొంగిచూస్తుంది. పసుపు షీటులో అక్షరాల ఖాళీ చుట్టూ అర మి.మీ. పెద్దది చేయించండి, నీలమే అక్షరం ఆకారాన్ని పట్టుకుంటుంది. మెషీన్ ఎక్కే రోజు మాస్టారిని తీసుకురండి, మొదటి యాభై షీట్లు రంగు కుదిరేదాకా పోతాయి, ఎంత నీలం కావాలో ఆయన్నే చెప్పమనండి, స్క్రీన్ మీద చూసిన నీలం పూత లేని కార్డు మీద రాదు. పని అయ్యాక ప్లేట్లకి గమ్ పట్టించి కాగితం చుట్టి పెట్టమని అడగండి, రెండో ముద్రణకి పనికొస్తాయి. ఆ మూడు ట్రేసింగ్ షీట్లు మాత్రం ప్రెస్‌లో వదలకండి, మీ ఇంటికే తీసుకెళ్ళండి.

మిషా_మామ
నాకు రెండు కాపీలు, ఒకటి చదవడానికి ఒకటి అట్ట చూసుకోడానికి. ఎక్కడ బుక్ చేసుకోవాలి?